పొన్నమ్మ వాకిటి సంఘం

1956 జనవరి 16, సోమవారం

బల్ల పూర్తయింది. ఒక్క మేకు కొట్టలేదు. టేకు చెక్కను టేకు చెక్కలోకి దిగేసి బిగించాను. ముప్పైరెండేళ్లు రైలు పెట్టెల కార్ఖానాలో పనిచేసిన చేతులివి. రిటైరై రెండేళ్లయినా ఇంకా వణకడం నేర్చుకోలేదు. రొట్టె, పాత్ర పెట్టాల్సిన ప్రభువు బల్ల అది. కదలకూడదు.

నాగప్పన్ వచ్చి రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు. "కదల్లేదప్పా" అన్నాడు. నలభై ఏళ్లు ఇసకలో పడవలు తోసిన మనిషి. ఆయన ఊపితే కదలనిది ఇంకెవరు ఊపినా కదలదు.

ఫిబ్రవరి పన్నెండో తేదీ ఆదివారం కొత్త గుడి ప్రతిష్ఠ. బిషప్ గారే స్వయంగా వస్తున్నారు. తిరువొత్తియూరులో తెలుగువాళ్ల గుడి, ఇటుకతో, సున్నంతో, పైన గంటతో. మద్రాసు ఆంధ్రకు దక్కలేదని మన కుటుంబాలు కొన్ని గుంటూరు, నెల్లూరు వెళ్లిపోయాయి. వాళ్లందరూ ఒకసారి వచ్చి చూడాలి.

ఇన్నాళ్లూ ఆరాధన పొన్నమ్మ వాకిట్లో, తాటాకు పందిరి కింద జరిగింది. ఆమె ఎండుచేపలు అమ్ముకునే విధవరాలు. మనం కీర్తన అందుకునే వేళకు గాలి అటునుంచి ఇటు తిరిగేది. ఇక ఆ బాధ లేదు.

జనవరి 19, గురువారం

కొత్త పాదిరి అయ్యగారు ఇంటికొచ్చారు. గుంటూరు వైపు మనిషి, చిన్నవాడు, వచ్చి రెండు నెలలైంది. ప్రతిష్ఠ రోజున చదవడానికి సంఘ చరిత్ర రాయాలట. "పెద్దల్లో మీరే అందరికంటే పాతవారండీ. మీరు రాస్తేనే నిండుగా ఉంటుంది" అన్నారు. రెండు పేజీలు చాలన్నారు. నేను తల ఊపానుగాని, రెండు పేజీల్లో ఎలా పడుతుంది?

జనవరి 20

ఒక పేజీ అయింది. నా పేరు ఆరుసార్లు వచ్చింది. రెండు తీసేశాను.

జనవరి 22, ఆదివారం

ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"ఆ పొన్నమ్మ గారు రొట్టె, పాత్ర తీసుకోవడానికి బల్లకు రారేమండీ? క్రిస్మస్‌కి రాలేదు, కొత్త సంవత్సరానికీ రాలేదు."

"ఆమె అంతేనండీ. మొండి మనిషి. పదేళ్లకు పైమాటే."

"ఎవరూ అడగలేదా?"

"విశ్వాసం బలవంతం చేస్తే వచ్చేది కాదుగదా, వదిలేశాం."

ఈ మాట బాగా వచ్చిందనిపించింది. అయ్యగారు మాత్రం పందిరి చివర చాప మడుస్తున్న ఆమెనే చూస్తూ నిలబడ్డారు. ఈయనకు ముందు నలుగురు పాదిరులు మారారు. పట్నం నుంచి వచ్చి, ప్రసంగం చెప్పి, మధ్యాహ్నం బండికి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లెవరూ ఇవన్నీ అడగలేదు.

జనవరి 25, బుధవారం

వాక్య పఠనానికి ఇరవై మంది వచ్చారు. అయ్యగారు సంఘం అంటే ఏమిటో చెప్పారు. అపొస్తలుల కాలంలో గుడి అన్నది లేదట. ఎవరింట్లో చోటుంటే వాళ్లింట్లో కూడేవాళ్లట. అపొస్తలులు రాసిన ఉత్తరాలు వెళ్లింది మనుషులకే గాని గోడలకు కాదట. ప్రభువు పిలిస్తే బయటికి వచ్చిన మనుషుల గుంపే సంఘమట. అది ఒక ఒళ్లులాంటిదనీ, చిటికెన వేలు నొచ్చినా ఒళ్లంతటికీ తెలియాలనీ, తెలియలేదంటే వేలికి కాదు, ఒంటికే జబ్బు అనీ చెప్పారు.

గుడి ప్రతిష్ఠ పెట్టుకుని చెప్పాల్సిన మాటలా ఇవి? నేను ఊరుకోలేదు. "అపొస్తలులకు మంచి వడ్రంగి దొరికి ఉండడండీ" అన్నాను. అందరూ నవ్వారు. అయ్యగారు కూడా నవ్వారు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే తట్టింది, ప్రభువే వడ్రంగి. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

జనవరి 28, శనివారం

చరిత్రలో రెండో పేజీ నాగప్పన్‌కు చదివి వినిపించాను. ఆయనకు చదువు రాదు, కాని పాతవి గుర్తు. యుద్ధం నాటి ముక్క ఇలా రాశాను: "1942లో జపాను వారి బాంబుల భయముచేత పట్టణము ఖాళీ అయినందున పదిహేను మాసములు ఆరాధన ఆగిపోయెను. ఆ దినములలో పెద్ద దేవరాజులు గారు సంఘపు వెండి పాత్రను గూడూరులో భద్రముగా కాపాడిరి."

నాగప్పన్ బీడీ ఆర్పేశాడు. "ఆగలేదే" అన్నాడు.

"ఏది?"

"ఆరాధన. ఒక్క ఆదివారం గూడా ఆగలేదే. పాదిరి పోయినాడు, మీరంతా పోయినారు, బాడిగ హాలుకు తాళం పడె. పొన్నమ్మే మా ఇంటికొచ్చి పిలిచింది, నా వాకిట్లో కూచుందాం రాండి అని. నేను, ఆమె, సుబ్బన్. ముగ్గురం."

"ముగ్గురు కూర్చుంటే అది ఆరాధనా నాగప్పా?"

"మరేంది? సుబ్బన్‌కి అప్పుడే రొమ్ము జబ్బు. పాడలేడు, చేత్తో తాళం వేసేవాడు. ఇంకేం బతకడనంగా బల్ల కావాలన్నాడు. పాదిరి లేడు, పాత్ర నువ్వు ఎత్తుకపోయినావు. పొన్నమ్మ బియ్యప్పిండి రొట్టె కాల్చి, లోటాలో బెల్లం నీళ్లు కలిపి, ప్రార్థన చేసి ఇచ్చింది. మూడో నాడు పోయినాడు. నవ్వుతా పోయినాడప్పా."

ఎత్తుకుపోవడమేమిటి? కాపాడాను. ఆ మాటే అన్నాను. నాగప్పన్ "సరి" అని లేచి వెళ్లాడు. ఆయన సరి అంటే ఒప్పుకున్నట్టు కాదు.

జనవరి 31, మంగళవారం

తేదీలు సరిచూసుకుందామని పాత మినిట్సు పుస్తకం వెతికాను. మా ఆవిడ పంకజం ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర కింద దొరికింది. 1943 ఆగస్టు. నా చేతిరాత అప్పట్లో ఎంత గుండ్రంగా ఉండేది.

"సహోదరి పొన్నమ్మ, అభిషేకము లేని స్త్రీ అయియుండి, బెల్లపు నీళ్లతో, కాఫీ లోటాతో బల్ల నిచ్చి క్రమము తప్పినందున ఆరు మాసములు బల్లకు దూరముగా ఉండవలెను. అటుపిమ్మట ఈ తీర్పు చదివిన పెద్దయే సంఘము ఎదుట ఆమెను పేరుపెట్టి పిలిచి, తప్పు ఒప్పించి, చెయ్యి పట్టుకొని బల్లకు తీసుకొనిరావలెను. అంతవరకు ఆమె రాకూడదు."

కింద సంతకం నాది. చదివింది కూడా నేనే, ఆమె వాకిట్లోనే నిలబడి. మన సంఘంలో పద్ధతే అది. దూరం పెట్టినవాడే పిలవాలి.

పేజీలు తిప్పాను. 1944 ఫిబ్రవరి చూశాను, మార్చి చూశాను, ఈస్టరు చూశాను. పిలిచినట్టు ఎక్కడా లేదు. పుస్తకం చివరిదాకా లేదు.

పంకజం చాటలో బియ్యం ఏరుతోంది. "పొన్నమ్మక్క బల్లకు ఎందుకు రాదో నీకు తెలుసా?" అన్నాను.

"మీరు పిలవలేదు గదా" అంది.

"నీకు తెలుసా?"

"ఆడోళ్లకందరికీ తెలుసు. మీకు తెలిసే పిలవడంలేదనుకున్నాం."

"ఒక్కమాట చెప్పకూడదా?"

"మొదట్లో ఒకసారి చెప్పబోయినా. సంఘం సంగతులు నీకెందుకన్నారు" అంది. మళ్లీ బియ్యంలోకి తల వంచింది.

ఫిబ్రవరి 1

మరిచిపోయాను. అంతే. యుద్ధం రోజులు, కార్ఖానాలో రెండేసి షిఫ్టులు. మనిషన్నాక మరపు ఉంటుంది.

ఫిబ్రవరి 2, గురువారం

పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని పొన్నమ్మ ఇంటికి వెళ్లాను. తప్పు దిద్దుకోవడంలో నేను వెనకాడే మనిషిని కాను. ఆమె చేపలు తిరగేస్తోంది.

"పొన్నమ్మక్కా, నీకొక మంచి మాట చెప్పాలని వచ్చాను."

"చెప్పు దేవరాజులూ. ఆ పీట వేసుకో, దానికి తడి లేదు."

పాత తీర్పు సంగతి చెప్పాను. పొరపాటు జరిగిందన్నాను. కొత్త గుడిలో, బిషప్ గారి ఎదుటే పిలుస్తానన్నాను. ఇంతటి గౌరవం ఎవరికి దక్కుతుంది?

ఆమె చేతులు దులుపుకుని నా ఎదురుగా కూర్చుంది. అరవై ఎనిమిదేళ్లుంటాయి, నాకంటే ఏడేళ్లు పెద్ద. "పిలిచి ఏమంటావు?" అంది.

"ఏముందక్కా, పద్ధతి ప్రకారం. తప్పైందని నువ్వొక్క మాట అంటే చాలు, చెయ్యి పట్టుకుని తీసుకుపోతాను."

"ఏది తప్పైందనాల?"

"అదే, సుబ్బన్‌కి బల్ల ఇచ్చింది."

ఆమె చేపల మీదికి కాకి వస్తే అదిలించింది.

"అది తప్పని నేననలేను అప్పా. ఆరు నెలలు దూరంగా ఉండమన్నారు, ఉన్నా. పెద్ద పిలిచేదాకా రావద్దన్నారు, రాలేదు. సంఘం మాట సంఘం మాటే, నేను దాటలేదు. కానీ చావబోయేవాడు అడిగినాడు, నేనిచ్చినా. అది తప్పంటే సుబ్బన్‌కి నేనిచ్చింది ఏంది, చుమ్మా, ఊరికే బెల్లం నీళ్లా? ఆ మాట నా నోట రాదు."

"ఒక్క మాటక్కా."

"ఒక్క మాటైతే నువ్వే అనరాదా? మీరు పోండి కొత్త గుడికి. సంతోషమే. నేను ఈడ ఊడ్చుకుంటా ఉంటా."

ఫిబ్రవరి 3

మొండిది. ముందే రాశాను.

ఫిబ్రవరి 5, ఆదివారం

పొన్నమ్మ వాకిట్లో ఇదే చివరి బల్ల. వచ్చే వారం నుంచి కొత్త గుడిలో.

నేనెప్పుడూ ముందు వరసలో కూర్చుంటాను, వెనక్కి చూడను. పెద్దలు వెనక్కి చూడకూడదని నా పట్టు. ఇవాళ చూశాను. బల్లకు రమ్మనగానే బిడ్డల తల్లులు ఒక్కొక్కరే లేచి, చంకలోని బిడ్డను పొన్నమ్మ ఒళ్లో దించి ముందుకు వస్తున్నారు. ఒళ్లో ఇద్దరు, భుజాన ఒకరు, కొంగు పట్టుకుని ఇంకొకరు. బల్ల తీసుకుని వెనక్కి వెళ్లి ఎవరి బిడ్డను వాళ్లు ఎత్తుకుంటున్నారు. ఎవరూ అడగడం లేదు, ఆమె చెప్పడం లేదు. ఆమె ఎలాగూ లేవదని అందరికీ తెలుసు. పదమూడేళ్లుగా ఇలాగే జరుగుతోందన్నమాట. అప్పుడు ఆ ఒళ్లో పడుకున్న బిడ్డలు కొందరు ఇవాళ నా పక్కనే నిలబడి రొట్టె తీసుకున్నారు.

నాకు రొట్టె గొంతు దిగలేదు. ఎండు రొట్టె.

ఫిబ్రవరి 7, మంగళవారం

అయ్యగారికి పుస్తకం చూపించాను. రెండుసార్లు చదివారు.

"మరిచిపోయానండీ" అన్నాను.

"అది సరేనండి. తీర్పు సంగతి చెప్పండి. అది సరైనదేనంటారా?"

"క్రమం తప్పింది గదండీ ఆమె."

"తప్పిందండి. నేనైనా కాదనలేను. కాని దేవరాజులు గారూ, ఆ రోజు ఆ క్రమం తెలిసినవాళ్లు ఎక్కడున్నారు?"

గూడూరులో ఉన్నాం అని నేను చెప్పలేదు. ఆయనా మళ్లీ అడగలేదు. కాఫీ తాగి, బల్ల చాలా బాగా కుదిరిందని మెచ్చుకుని వెళ్లిపోయారు. మెప్పు వింటే నాకు ఎప్పుడూ కడుపు నిండేది. ఇవాళ నిండలేదు.

ఫిబ్రవరి 9, గురువారం

ఇది ఎవరూ చదవని పుస్తకం. కాబట్టి రాస్తాను.

1942 ఏప్రిల్‌లో స్టేషన్లో కాలు పెట్టే చోటు లేదు. నేను పంకజాన్ని కిటికీలోంచి లోపలికి తోశాను. ట్రంకుపెట్టెను ఎత్తుకున్నాను. పాత్ర అందులో, పంకజం చీరలో చుట్టి ఉంది. బయల్దేరే ముందు పొన్నమ్మ వచ్చి అడిగింది. "పాత్ర ఈడ పెట్టిపో దేవరాజులూ, మేం ఉండాం గదా" అంది. వెండిది, బాంబులు పడితే ఏమవుతుందన్నాను. ఆమె మీద బాంబు పడితే ఏమవుతుందని అడగడం నాకు తోచలేదు.

గూడూరులో బావమరిది ఇంట్లో పదిహేను నెలలున్నాం. పాత్ర మంచం కింద ఉంది. ఆ ఊరి గుడిలో వాళ్ల పాత్ర వాళ్లకుంది. ఒక్కసారి కూడా మూట విప్పలేదు. తిరిగి వచ్చేసరికి ఆమె వాకిట్లో ఆరాధన జరుగుతోంది. ముగ్గురిలో ఒకడు పోయి, చుట్టుపక్కల గుడిసెల నుంచి కొత్తగా పదకొండుమంది చేరారు. సంతోషించాల్సింది. నాకు కోపం వచ్చింది. పెద్దలు లేకుండా సంఘం ఎలా నడుస్తుంది? నేను లేకుండా ఎలా నడిచింది? బెల్లం నీళ్ల సంగతి తెలియగానే నాకొక దారి దొరికింది. తీర్పు రాస్తున్నప్పుడు నా చెయ్యి ఎంత కుదురుగా ఉందో ఆ అక్షరాలే చెబుతున్నాయి.

అయ్యగారు ఆ బుధవారం వాక్య పఠనంలో చెప్పింది ఇదే. ఆ పదిహేను నెలలు సంఘం ఎక్కడుందని అడిగితే పొన్నమ్మ వాకిట్లో ఉందని చెప్పాలి. నేను ఎత్తుకుపోయింది గిన్నెను. సంఘాన్ని ఇక్కడ వదిలిపెట్టి పోయాను.

ఫిబ్రవరి 11, శనివారం

రెండో పేజీ చించి మళ్లీ రాశాను. చరిత్ర గుడిలో కాదు, ఊరేగింపుకు ముందు ఆమె వాకిట్లోనే చదువుతానని అయ్యగారిని అడిగాను. ఎందుకని అడగకుండా ఒప్పుకున్నారు. పంకజానికి చూపించలేదు.

ఫిబ్రవరి 12, ఆదివారం, మధ్యాహ్నం

భోజనం అయ్యి పంకజం నడుం వాల్చింది. నాకు కునుకు రావడం లేదు, రాసుకోవాలి.

ఏడింటికే వాకిలి నిండింది. అరవై కుటుంబాలు, ఉతికిన చీరలు, తలలో కనకాంబరాలు. పొన్నమ్మ ఎప్పటిలాగే పందిరి చివర కూర్చుంది. మాసిన చీర. గుడికి రాదలుచుకోలేదన్నమాట. ఎవరిదో బిడ్డ ఒళ్లో ఉంది.

మొదటి పేజీ గట్టిగానే చదివాను. రెండో పేజీకి వచ్చేసరికి గొంతు తగ్గింది. వెనకనుంచి ఎవరో వినపడలేదన్నారు. మళ్లీ మొదలుపెట్టాను.

1942లో ఆరాధన ఒక్క ఆదివారం కూడా ఆగలేదని చదివాను. ఈ సంఘం ఈ వాకిట్లో ముగ్గురితో బతికిందని, వాళ్ల పేర్లు పొన్నమ్మ, నాగప్పన్, సుబ్బన్ అని చదివాను. పెద్దలమైన మేం పాత్రను తీసుకుని సంఘాన్ని వదిలి పారిపోయామని చదివాను. చావబోయే సహోదరుడికి బల్ల ఇచ్చినందుకు ఆమెను దూరం పెట్టిన తీర్పు నాదేనని, అది అన్యాయమని, ఆమె ఒప్పుకోవాల్సిన తప్పు ఏదీ లేదని చదివాను. ఆరు నెలలకు పిలవాల్సినవాణ్ణి పదమూడేళ్లు మరిచానని చదివాను. ఆఖరి వాక్యం ఇది: "ఈ దినము మొదలు దేవరాజులు అను నేను బల్లకు దూరముగా ఉందును. నన్ను పిలువవలసినది ఆమెయే."

నిజం రాసుకోవాలి. ఈ ఆఖరి వాక్యం గురించి నాకు లోలోపల గొప్పగానే ఉంది. ఆరు నెలలు కాదు, ఏడాదైనా వెనక కూర్చుంటానని నిశ్చయించుకున్నాను. దేవరాజులు ఎలాంటి మనిషో ఊరంతా చూస్తుంది.

నాగప్పన్ తుండుతో ముఖం తుడుచుకున్నాడు. పంకజం నన్ను చూస్తోంది, పెళ్లైన కొత్తలో చూసినట్టు.

"చదివింది అయిందా?" అంది పొన్నమ్మ.

"అయిందక్కా."

"ఎండెక్కుతుంది. బిషప్ పెద్దాయన ఆడ గుడికాడ నిలబడుండారు. ఉండండి, చీర మార్చుకొనొస్తా."

లోపలికి వెళ్లి నీలం అంచు తెల్లచీర కట్టుకుని వచ్చింది. మడతలు అలాగే ఉన్నాయి, పెట్టెలోంచి అప్పుడే తీసింది. అరవై కుటుంబాలు ఆమె చీర మార్చుకునేదాకా కదల్లేదు. అంతకంటే గొప్ప ఊరేగింపును నేను చూడలేదు. ఎప్పుడూ ముందు నడిచే నేను ఇవాళ చివర నడిచాను. దుమ్మంతా నా మీదే పడింది.

గుడి సంగతి ఏం రాయను? తలుపులు తెరిచినప్పుడు ఆడవాళ్లు "అబ్బ" అన్న ఆ ఒక్క మాటకు నాకు ఒళ్లు పులకరించింది. బిషప్ గారు బల్ల మీద చెయ్యి వేసి, పనివాడెవరని అడిగారట. అయ్యగారు చివరి బెంచీ వైపు చూపించారట. నేను తల దించుకుని ఉన్నాను, చూడలేదు.

బల్లకు రమ్మన్నారు. వరస వరస లేచింది. పొన్నమ్మ నాలుగో వరసలో లేచింది. పదమూడేళ్ల తర్వాత లేచింది కదా, ముందు నిలబడ్డవాళ్లందరూ తామే పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. బిడ్డల తల్లులకు మాత్రం బిడ్డల్ని ఎక్కడ దించాలో తెలియలేదు. చివరి బెంచీలో ఖాళీగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక చిన్న తల్లి వచ్చి, తన బిడ్డను నా ఒళ్లో పడేసి, "కొంచెం చూస్తుండండి తాతా" అని వెళ్లిపోయింది. వాడు నా కొత్త చొక్కా తడిపేశాడు.

ఆమె రొట్టె తీసుకుంది. పాత్ర పెదవులకు ఆనించుకుంది. కొంగుతో మూతి తుడుచుకుని వెనక్కి తిరిగింది. తన చోటికి వెళ్లి కూర్చుంటుందనుకున్నాను. నేరుగా నడుచుకుంటూ నా బెంచీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"లే" అంది.

"ఇప్పుడే కాదక్కా. దానికొక పద్ధతి ఉంది."

"ఏం పద్ధతి? పేరుపెట్టి పిలవాల. దేవరాజులూ, లే. తప్పు ఒప్పుకోవాల. వాకిట్లో అంతసేపు చదివింది ఏంది మరి? చెయ్యి పట్టుకోవాల." బిడ్డను చంకనేసుకుని, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. "తర్వాత నేనూ మరిచిపోతానేమోనని భయంగా ఉండాది. లే."

అందరూ చూస్తున్నారు. బిషప్ గారు పాత్ర పట్టుకుని ఆగి ఉన్నారు. ఏడాది దీక్ష అనుకున్నది అలా పోయింది. లేచాను. ఆమె నన్ను లాక్కుపోతుంటే పంచె కుచ్చెళ్లు కూడా సరిచేసుకోలేకపోయాను. కాళ్లు తడబడుతూ, చొక్కా తడిగా, నా గుడిలో నా బల్ల ముందుకు అందరికంటే చివర వెళ్లాను. రొట్టె గొంతు దిగింది.

ఇవాళ నాకు గర్వంగా ఉంది. దాచను. గుడి గురించి కాదు, నా గురించి అంతకంటే కాదు. ఈ సంఘంలో నేనూ ఒకణ్ణని గర్వంగా ఉంది.

ఆమె పదమూడేళ్లు దూరంగా కూర్చుంది. నన్ను పది నిమిషాలు కూడా కూర్చోనివ్వలేదు.